కంపెనీల గోల, ఊదర లేని టెక్నాలజీ వార్తలు ఎక్కడ దొరుకుతాయి?

డిగ్రీ చదువుతున్నానని, ఏ టెక్ సైటు తెరిచినా సీఈఓల తగాదాలు, ఫండింగ్ లెక్కలు, కొత్త ఏఐ గొప్పలు తప్ప ఇంకేమీ కనబడటం లేదని, విసుగొచ్చిందని రాశారు. సూటిగా చెప్తాను. వార్తలు అమ్మేవాళ్ళ దగ్గర వెతకడం మానేయండి. టెక్నాలజీ పని చేసేవాళ్ళు స్వయంగా రాసింది చదవండి. విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. నా పనికి నిజంగా అక్కరకొచ్చిన వార్త ఒక్కటి కూడా ముందుగా టీవీలోనో, యూట్యూబ్‌లోనో నాకు కనబడలేదు.

2023 నవంబరు 17న చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీ బోర్డు తన సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ని తీసేసింది. వారం తిరక్కముందే ఆయన వెనక్కి వచ్చేశారు. ఆ నాలుగైదు రోజులూ ఎవరు ఎవరి పక్షం, ఎవరు ఏం ట్వీట్ చేశారు అన్నదే గోల. అదంతా గంటల తరబడి చదివినవాళ్ళకి చాట్‌జీపీటీ వెనకుండే లాంగ్వేజ్ మోడల్ ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్కైనా కొత్తగా తెలిసిందా? దాన్ని టెక్నాలజీ వార్త అనడం నాకు ఇష్టం ఉండదు. అది కంపెనీ వార్త, అంతే.

అసలు వార్త ఎలా ఉంటుందో చెప్తాను. 2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే. మన టైముకి రాత్రి తొమ్మిది దాటాక ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) భద్రత గురించి మాట్లాడుకునే ఒక మెయిలింగ్ లిస్టులో ఉత్తరం పెట్టారు. డెబియన్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) టెస్ట్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి 0.3 సెకను పట్టాల్సింది 0.8 పడుతోందని గమనించి, ఆ అర సెకను ఎక్కడ పోతోందా అని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళను కుదించే లైబ్రరీలో ఎవరో బయటివాళ్ళు చొరబడేందుకు దొంగదారి పెట్టారని తేలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లు. ఆ కోడ్ టెస్ట్ ఫైళ్ళలో దాక్కుంది. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు అందరూ కోడ్ చూసుకునే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో (కోడ్ మూటలో) మాత్రమే ఉంది.

మర్నాడు శనివారం. ఇయర్ ఎండింగ్ కాబట్టి ఆఫీసంతా ఉన్నారు, అకౌంట్స్ వాళ్ళు ఫైళ్ళ మధ్య కూరుకుపోయి ఉన్నారు. నేను రోజూలాగే టీ తాగుతూ ఫీడ్ రీడర్ (నేను ఎంచుకున్న సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకచోట చూపించే యాప్) తెరిస్తే ఆ ఉత్తరం కనబడింది. టీ పక్కన పెట్టి మొదట సర్వర్లు చూశాను. అన్నిట్లో ఉబుంటు అనే లైనక్స్ 22.04, ఎక్స్‌జెడ్ పాత వెర్షన్ 5.2.5. ఊపిరి పీల్చుకున్నాను. పక్క సీటు కుర్రాడు సెక్యూరిటీ నేర్చుకుంటూ సొంత ల్యాప్‌టాప్‌లో భద్రత పరీక్షలకు వాడే కాలీ లైనక్స్ వేసుకున్నాడు. "అక్కా, నాదీ చూడవా" అన్నాడు. 5.6.0! మార్చి 26 తర్వాత అప్‌డేట్ చేసినవాళ్ళందరూ వెంటనే మళ్ళీ అప్‌డేట్ చేయాలని కాలీ వాళ్ళు అప్పటికే ప్రకటించారు. చేశాక వచ్చిన ప్యాకేజీ పేరు చూడండి: "5.6.1+రియల్లీ5.4.5". పాత 5.4.5నే, అప్‌డేట్‌లో కొత్తదిగా వెళ్ళడానికి అంకె మాత్రం పెంచి పంపారన్నమాట. వాడి మొహంలో భయం పోయి ఆసక్తి వచ్చింది. ఆ పూటంతా టార్‌బాల్‌కీ గిట్‌కీ తేడా ఏంటని అడుగుతూనే ఉన్నాడు.

సోమవారం మా సార్ ఫోన్ చేశారు. "ఏంటమ్మా, లైనక్స్ మొత్తం హ్యాక్ అయిపోయిందంట, సర్వర్లు ఆపేయాలా?" ఎవరో వాట్సాప్‌లో ఏదో వీడియో పంపారట. థంబ్‌నెయిల్ నిండా మంటలు, వెర్షన్ నంబరు మాత్రం ఎక్కడా లేదు. ఆ ఒక్క నంబరు చెప్పి ఉంటే ఆయనకి ఆ కంగారే ఉండేది కాదు.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకున్నది లాస్సే కొలిన్ అనే ఒక్క మనిషి. తన ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉందని 2022లోనే ఆయన బహిరంగంగా రాశారు. ఆ సమయంలోనే జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేస్తానంటూ చేరి, రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి ఆ దొంగదారి పెట్టారు. ఏ కంపెనీ షేరు పెరిగిందో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. ఇలాంటి మనిషి ఒంటరిగా మోస్తున్న బరువు గురించి ముందే రాసినవాళ్ళు ఎంతమంది?

అందుకే నేను డబ్బు కట్టి చదివేది ఎల్‌డబ్ల్యూఎన్ అనే లైనక్స్, ఓపెన్ సోర్స్ వార్తల సైటు. 1998 నుంచి నడుస్తోంది, జోనథన్ కార్బెట్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. చందాలతో నడుస్తుంది కాబట్టి క్లిక్కుల కోసం ఎగబడాల్సిన పని వాళ్ళకి లేదు. చందా కట్టలేకపోయినా పర్లేదు, వారం దాటాక వ్యాసాలు అందరికీ తెరుస్తారు. వారం పాతబడిన వార్త చదివితే ఏం నష్టం లేదు, ఇంకా మంచిది. భద్రత మీద ఇష్టం ఉంటే భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ నెలకోసారి ఈమెయిల్‌లో పంపే క్రిప్టోగ్రామ్ ఉచితం, అదీ 1998 నుంచే. వీటన్నిటినీ ఆర్ఎస్ఎస్ రీడర్‌లో (పైన చెప్పిన ఫీడ్ రీడర్ అదే) పెట్టుకోండి. ఏది ముందు చూపించాలో ఏ అల్గారిథమూ నిర్ణయించదు.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మాత్రం మొదటిరోజు వార్తలు వదిలేసి, కారణం చెప్పే నివేదిక వచ్చేదాకా ఆగండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో అందరూ చూశారు. ఆగస్టులో కంపెనీయే విడుదల చేసిన నివేదిక ఎంతమంది చదివారు? 20 ఇన్‌పుట్లు అందుకునే ప్రోగ్రామును 21వది చదవమన్నారు, అది హద్దు దాటి మెమరీ చదివింది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళకి దీన్ని మించిన పాఠం లేదు.

మన తెలుగులో ఇలా అసలు కారణం దాకా వెళ్ళి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. పేపర్లలో టెక్ పేజీ అంటే ఫోన్ కంపెనీ పంపిన ప్రకటనకి తెలుగు, "అదిరిపోయే ఫీచర్లు" అన్న శీర్షిక. 2023లో ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు వేడిలోనే సూపర్ కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటు పంపేది) అని గోల లేచినప్పుడు మా బాబాయి "ఇక కరెంటు వృథాయే ఉండదంటగా" అని ఫోన్ చేశాడు. ఆగస్టుకల్లా ల్యాబులు తేల్చేశాయి. అందులో కల్తీగా ఉన్న కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర రూపం మారడం వల్ల నిరోధం పడిపోయినట్టు కనిపించిందంతే. ఆ రెండో వార్త బాబాయికి నేనే చెప్పాల్సి వచ్చింది.

మీరైతే ఫ్రాయిండ్ ఉత్తరంతోనే మొదలుపెట్టండి. పొడుగేమీ కాదు. సగం అర్థం కాకపోయినా ఆ 0.3, 0.8 లెక్క ఎక్కడ రాశారో వెతకండి, అక్కణ్ణుంచి కిందికి నిదానంగా చదవండి. ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.