హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలిగితే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బండి స్టార్ట్ చేయగానే తెరమీద వరసగా హెచ్చరికలు వచ్చాయనీ, సస్పెన్షన్, బ్రేకులు, పార్కింగ్ సెన్సర్లు అన్నీ పాడైపోయాయేమోననీ కంగారుపడుతున్నావు. అన్నీ ఒకే రోజు పాడవవమ్మా. సంబంధం లేని దీపాలు నాలుగైదు కలిసి వెలిగితే ముందుగా అనుమానించవలసింది 12 వోల్టుల బ్యాటరీని. ఇంత ఖరీదైన ఎస్‌యూవీలో చిన్న చిన్న కంప్యూటర్లు డజన్లకొద్దీ ఉంటాయి. వోల్టేజీ పడిపోగానే ఒక్కొక్కటి ఒక్కో ఫిర్యాదు చేస్తుంది. అవి నమ్మి విడిభాగాలు మార్పిస్తూ పోతే డబ్బు ఖర్చవుతుంది, లోపం అలాగే ఉంటుంది.

బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ కొలిపించు. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే మంచిదే. 12.2 దగ్గర ఉంటే చార్జి సగమే ఉన్నట్టు. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. వోల్టేజీ బాగున్నా సరే, లోడ్ పరీక్ష, అంటే భారం పడినప్పుడు బ్యాటరీ నిలుస్తుందో లేదో చూసే పరీక్ష, కూడా చేయమను. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగడం మానేసిందన్నావు, బలహీనపడిన బ్యాటరీకి అది తరచుగా కనిపించే తొలి గుర్తు. ఏసీ మీద భారం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఆగదనుకో. బ్యాటరీ మార్చవలసివస్తే, ఇప్పుడున్నది ఏజీఎం (లోపలి ఆమ్లాన్ని గాజునార పొరలు పీల్చి ఉంచే రకం) అయితే ఆ రకమే వేయించు. కొన్ని కంపెనీల బండ్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో నమోదు చేయాలి. లేకపోతే బండి పాతదానికి తగ్గట్టే చార్జి చేస్తూ ఉంటుంది. ఆ పని చేశారా అని మెకానిక్‌ను తప్పకుండా అడుగు.

బండి నిలిపి ఉన్నప్పుడు దాని తాళపు రిమోట్‌ను దగ్గరగా ఉంచకు. కొన్ని బండ్లు దాని సంకేతానికి మాటిమాటికీ మేల్కొని బ్యాటరీని తినేస్తాయి. పైగా ఆ సంకేతాన్ని పరికరాలతో అందుకుని, బండి దాకా చేరవేసి, తలుపులు తెరిచే దొంగలున్నారు. సంకేతాన్ని అడ్డుకునే సంచిలో పెట్టు. రిమోట్‌లో సెల్ అయిపోయినా భయం లేదు, అందులోనే లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. లోపలికి వెళ్ళాక రిమోట్‌ను ఎక్కడ ఆనించి స్టార్ట్ చేయాలో యజమాని పుస్తకంలో చూసుకో.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు బండిని మోసే ఏర్పాటు) సంగతి మాత్రం ప్రాణాల మీదికి వచ్చేది. టైరు మార్చడానికి జాకీ పెట్టేముందు మెనూలో జాకీ మోడ్ వేయాలి. లేకపోతే బండి తన ఎత్తు తాను సరిచేసుకోబోయి జాకీ మీద నుంచి జారవచ్చు. ఎత్తి ఉన్న బండి కిందికి ఎవరినీ వెళ్ళనివ్వకు. రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి ఒక మూల కుంగి కనిపిస్తే గాలి కారుతున్నట్టే. ఆ మరమ్మతు వాయిదా వేస్తే గాలి నింపే కంప్రెసర్ విశ్రాంతి లేకుండా పనిచేసి అదీ పోతుంది.

బండి ముందరి పెద్ద అద్దం (విండ్‌షీల్డ్) ఎప్పుడైనా మార్పిస్తే, దాని వెనక ఉన్న కెమెరాను మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపు గురి సరిచేయించాలి.

నువ్వు అడగనిది ఒకటుంది. సెకండ్ హ్యాండ్ బండి కదా, పాత యజమాని ఖాతా బండి కంపెనీ ఫోన్ యాప్‌లో ఇంకా ఉంటే బండి ఎక్కడుందో అతనికి తెలుస్తుంది, కొన్నింటిలో తలుపులు తెరవడం కూడా వీలవుతుంది. ఈ రోజే అతనిచేత ఆ ఖాతా తీయించి, బండిలోని ఫోన్ల జాబితా మొత్తం చెరిపెయ్యి.

బ్యాటరీ కొలత తెలియగానే రాయి. అప్పటిదాకా ఏ సెన్సరూ మార్పించవద్దు.

మీ మామయ్య