గాజు ముఖానికి గాలి ఆడదు

రోహిణి కార్తె ఇంకా రానే లేదు, అప్పుడే ఉత్తరాలన్నీ ఒకే పాట పాడుతున్నాయి: కంప్యూటర్ కాలిపోతోంది, ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి, ఏం చేయమంటారు? నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో కంప్యూటర్లు బిగించే దుకాణం నాది. కాబట్టి వేసవి వస్తే ఈ గోల నాకు ఉత్తరాల్లోనే కాదు, కౌంటర్ ముందూ వినిపిస్తుంది. ఈసారి శీర్షిక మొత్తం క్యాబినెట్లకూ, అంటే కంప్యూటర్ భాగాలు బిగించే పెట్టెలకూ, ఫ్యాన్లకూ ఇచ్చేశాను. ప్రింటర్ ప్రశ్నలు పంపినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడం గారూ, ఒంగోలులో బీటెక్ చదువుతున్నాను. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ కట్టించుకున్నాను. క్యాబినెట్ ముందు భాగమంతా నల్లని గాజు, దాని వెనక రంగుల దీపాలున్న 3 ఫ్యాన్లు, వీపు వైపు ఇంకొకటి. చలికాలంలో 72 డిగ్రీలు దాటని కార్డు ఇప్పుడు 84 చూపుతోంది, ఆట ఆగి ఆగి నడుస్తోంది. పక్క తలుపు ఊడదీసి పెట్టుకోమని మా మామయ్య సలహా. ఇంకో 2 ఫ్యాన్లు కొనమని స్నేహితుల సలహా. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. మీ ఫ్యాన్లకు ఏ జబ్బూ లేదు. ముక్కు మూసి పరుగెత్తమంటే ఎవరు మాత్రం పరుగెత్తగలరు?

ముందు ఒక లెక్క తెలుసుకోండి. ఫ్యాను గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. జనవరిలో మీ గది 26 డిగ్రీలు ఉండి, ఇప్పుడు మధ్యాహ్నం 38 ఉందనుకుందాం. ఆ 12 డిగ్రీల తేడా దాదాపు అంతకు అంతా కార్డు మీదకు ఎక్కుతుంది. 72కు 12 కలిపితే మీరు చూస్తున్న 84. ఆ తరహా కార్డులు చాలావరకు 83 ప్రాంతంలో తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీ ఆట తడబడేది అందుకే. ఎండను నేను తగ్గించలేను గానీ, గది వేడికి మించి పెట్టెలో పేరుకుంటున్న వేడిని తగ్గించే దారి మాత్రం ఉంది.

మీ ప్రాసెసర్ గట్టిగా పని చేసినప్పుడు 117 వాట్ల దాకా తీసుకుంటుంది, కార్డు 170 వాట్లు. మిగిలిన సామగ్రితో కలిపి 300 వాట్లు అనుకోండి. తీసుకున్న కరెంటంతా చివరికి వేడే. గది కంటే పెట్టెలోని గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి సుమారు 55 ఘనపు అడుగుల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. ఒక మంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాను అట్ట మీద దాదాపు ఇదే అంకె ఉంటుంది. కానీ అది ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా కొలిచిన అంకె. మీ పెట్టెలో గాలి గాజు పక్కనున్న వేలెడు సందులోంచి దూరి, మలుపు తిరిగి, ఫ్యానును చేరాలి. అక్కడ మూడు ఫ్యాన్లు పెట్టినా ఆరు పెట్టినా ఆ సందు వెడల్పు పెరగదు కదా.

నా మాట నమ్మనక్కర్లేదు, ఇంట్లోనే తేల్చుకోండి. ఎప్పుడూ ఆడే ఆటనే 20 నిమిషాలు ఆడి కార్డు వేడి రాసుకోండి. తరవాత ముందు గాజు పలకను ఊడదీసి, అదే గదిలో అదే ఆట మళ్లీ 20 నిమిషాలు. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే దొంగ దొరికినట్టే. రెండు మూడు మాత్రమే తగ్గితే తప్పు క్యాబినెట్‌ది కాదు, కార్డు రెక్కల్లోని దుమ్మునూ, చిప్పు వేడిని ఆ రెక్కలకు చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయిందేమోనన్నదీ చూడాలి. ఫ్యాన్లు కొనడానికి పరుగెత్తే వాళ్లలో ఈ పరీక్ష చేసి వచ్చేవారు అరుదు.

మామయ్య గారి సలహా సంగతి. తలుపు తీస్తే కొన్ని డిగ్రీలు తగ్గే మాట నిజమే. అయితే ముందు వైపు జాలీ ఉండీ లేనట్టే అవుతుంది, దుమ్ము నేరుగా మదర్‌బోర్డు మీద పడుతుంది. దానికి తోడు బల్లులు. పవర్ సప్లయి పక్కన వెచ్చగా చలి కాచుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న బల్లిని చిమటాతో తీసే పని నా బల్ల మీద కొత్త కాదు.

గాజే దోషి అని తేలితే, ముందు వైపు పూర్తిగా జాలీ ఉన్న క్యాబినెట్‌కు మారండి. మీ ఫ్యాన్లనే అందులో బిగించుకోవచ్చు. కొనేటప్పుడు మూడు కొలతలు చూడాలి. కార్డు పొడవు మొదటిది: రెండు ఫ్యాన్ల 3060లు 240 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, మూడు ఫ్యాన్లవి 300 దాకా పోతాయి. క్యాబినెట్ అట్ట మీద రాసిన అంకె తరచుగా ముందు ఫ్యాన్లు లేనప్పటిది, ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు అందులోంచి తీసేయండి. రెండోది ప్రాసెసర్ కూలర్ ఎత్తు. నిలువు కూలర్లు చాలావరకు 155 నుంచి 160 మధ్య ఉంటాయి. పక్క తలుపు మూసుకోకపోతే అప్పుడు ఏడ్చి లాభం లేదు. మూడోది జాలీకీ ఫ్యానుకూ మధ్య ఎడం. ముందు జాలీ పెట్టి, దాని వెనక మళ్లీ చిన్న చిన్న రంధ్రాల రేకు పెట్టే తెలివైన తయారీదారులు ఉన్నారు. టార్చి వేసి చూడండి, జాలీలోంచి ఫ్యాను రెక్క స్పష్టంగా కనబడాలి.

రేకు మందం గురించి దుకాణంలో అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. పక్క తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. డబ్బా మూతలా టక్కున లోపలికి పోయి తిరిగి వస్తే ఆ పెట్టె ఫ్యాను వేగం పెరిగిన ప్రతిసారీ గలగలమంటుంది.

ఫ్యాన్ల అమరిక: ముందు 120 మిల్లీమీటర్లవి 3 గానీ, 140వి 2 గానీ లోపలికి తోసేలా, వీపున 1 బయటికి తోసేలా. పైకప్పుకు ముందు భాగంలో బయటికి తోసే ఫ్యాను పెట్టకండి. ముందు నుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా పోనివ్వకుండా అదే మింగేస్తుంది. దీపాలు ఉన్నా లేకున్నా గాలికి సంబంధం లేదు. ఆ డబ్బును నేనైతే ఫ్యాను ఇరుసును తిప్పే బేరింగు మీద పెడతాను.

ప్రశ్న: అమ్మా, చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఆఫీసు గదిలోని కంప్యూటర్ నెల తిరిగేసరికి తెల్లగా మారిపోతోంది. ఫ్యాన్లు ఎక్కువైతే దుమ్మూ ఎక్కువ వస్తుందని మా అబ్బాయి ఉన్న రెండింటిలో ముందు ఫ్యాను పీకేశాడు. అది సరైన పనేనా?

జవాబు: కాదండీ, సరిగ్గా ఎదురు పని జరిగింది. ఇప్పుడు మీ పెట్టెలో వీపున ఉన్న ఫ్యాను ఒక్కటే గాలిని బయటికి లాగుతోంది. లాగిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. యూఎస్‌బీ రంధ్రాలు, వెనక రేకుల సందులు, పక్క తలుపు అంచు, ఇలా జాలీ లేని ప్రతి చోటి నుంచీ దుమ్మును వెంటబెట్టుకుని వస్తుంది. లోపలికి తోసే గాలి బయటికి పోయే గాలి కంటే ఎక్కువైతే ఈ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము లోపలికి రావాలంటే ముందు జాలీ దాటక తప్పదు. ఆ జాలీని మీరు కడగగలరు, మదర్‌బోర్డును కడగలేరు. కాబట్టి ముందు 2 ఫ్యాన్లు, వెనక 1.

బిగించాక ఒక అగరుబత్తి వెలిగించి వెనక సందుల దగ్గర పెట్టి చూడండి. పొగ పెట్టె నుంచి దూరంగా పోతే అమరిక కుదిరినట్టు. లోపలికి పీలిస్తే వెనక ఫ్యాను వేగం తగ్గించండి. ఫ్యాను ఏ వైపు తోస్తుందో తెలియకపోతే దాని వీపు చూడండి. నాలుగు కడ్డీలతో మోటారును పట్టి ఉంచే వైపు నుంచే గాలి బయటికి వస్తుంది.

ఇక మీ ఊరి దుమ్ము సంగతి వేరు. పాలిషింగ్ నీటితో చేసినా, ఆ బురద ఆరాక చెప్పులకూ లారీ చక్రాలకూ అంటుకుని పిండిలా లేస్తుంది. క్యాబినెట్ జాలీ దారాలనూ వెంట్రుకలనూ ఆపుతుంది గానీ, ఆ పిండి మొత్తాన్ని ఆపలేదు. అందుకే పెట్టెను నేల మీద నుంచి బల్ల మీదకు ఎక్కించండి, గుమ్మానికి ఎదురుగా వద్దు. జాలీలను వారానికోసారి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. పవర్ సప్లయి కింద ఇంకో జాలీ ఉంటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు.

బ్లోయరుతో ఊదేటప్పుడు కరెంటు తీసేసి, ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో పట్టుకోండి. గాలి దెబ్బకు ఫ్యాను తన హద్దు దాటి తిరిగితే బేరింగు పాడవుతుంది, మోటారు డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే ప్రమాదమూ ఉంది. ఆరుబయట ఊదండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. రాతి పొడి కంప్యూటర్ కంటే మీ ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు.

ప్రశ్న: అక్కా, మాది కావలి. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రాత్రి పూట ఫ్యాన్ల హోరుకు పక్క గదిలో మా మామగారికి నిద్ర పట్టడం లేదు. నా మదర్‌బోర్డులో అన్ని ఫ్యాన్లనూ పీడబ్ల్యూఎం అనే పద్ధతిలో పెట్టాను. ఫ్యాన్ల తీగలకు 3 రంధ్రాలే ఉన్నాయి. శబ్దం లేని ఫ్యాన్లు ఏవి?

జవాబు: అమ్మాయీ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. 4 రంధ్రాల ఫ్యానుకు వేగం చెప్పే తీగ విడిగా ఉంటుంది. 3 రంధ్రాల ఫ్యానుకు ఆ తీగ లేదు, వోల్టేజీ తగ్గిస్తేనే అది నెమ్మదిస్తుంది. మీరు పెట్టిన పీడబ్ల్యూఎం పద్ధతి వేగాన్ని ఆ నాలుగో తీగ ద్వారానే చెబుతుంది, బోర్డు మాత్రం ఎప్పుడూ పూర్తి 12 వోల్టులే పంపుతుంది, కాబట్టి పని ఉన్నా లేకున్నా ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల పేజీ, బయోస్‌లోకి వెళ్లి ఆ ఫ్యాన్లకు వోల్టేజీతో వేగం మార్చే డీసీ పద్ధతి ఎంచుకోండి. పైసా ఖర్చు లేకుండా ఈ రాత్రికే మామగారు నిద్రపోవచ్చు.

అదే చోట ఇంకో మార్పు చేయండి. వీడియో రెండర్ అవుతున్నప్పుడు, అంటే ఎడిట్ చేసింది చివరి ఫైలుగా తయారవుతున్నప్పుడు, ప్రాసెసర్ వేడి క్షణాల్లో ఎక్కి దిగుతుంది, ఫ్యాన్లు దాని వెంటపడి హోరుమని లేచి తగ్గుతుంటాయి. ఒకే స్థాయిలో ఉండే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది గానీ, లేచి పడే చప్పుడుకు పడదు. వేగం మారడానికి కొన్ని క్షణాల ఆలస్యం పెట్టే వీలు చాలా బోర్డుల్లో ఉంది.

అయినా తగ్గకపోతే అప్పుడు కొత్త ఫ్యాన్లు. ఒక ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పక్కనే అలాంటిదే రెండోది పెడితే గాలి మళ్లీ సరిపోతుంది, శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. కాబట్టి ఒకదాన్ని ఉరికించే కంటే రెండింటిని నెమ్మదిగా నడపడం మేలు. బోర్డు మీది ఒకే ఫ్యాను సాకెట్‌కు రెండు మూడు కలపవచ్చా అంటే, మామూలుగా సాకెట్ 1 ఆంపియర్ మోస్తుంది. ఫ్యాను మీది చీటీల్లోని ఆంపియర్లు కూడి చూసుకోండి.

బేరింగు విషయంలో నూనె పొర మీద ఇరుసు తిరిగే ఫ్లూయిడ్ డైనమిక్ రకం అడగండి. చవక స్లీవ్ బేరింగు ఫ్యాను నిలువుగా ఉన్నంత కాలం పరవాలేదు, పైకప్పుకు పడుకోబెడితే త్వరగా గరగరమంటుంది. ఆర్కిటిక్ పీ12 ధరకు తగిన సరుకు. ఆస్ట్రియా వారి నాక్టువా ఫ్యాన్లు ఖరీదైనవి, 6 ఏళ్ల వారంటీ ఇస్తారు. ఆ గోధుమ రంగు చూసి మా కౌంటర్ ముందు ముఖం చిట్లించని కుర్రవాడు లేడు. తలుపు మూసిన పెట్టెలో రంగు ఎవరికి కనబడుతుందో నాకు అర్థం కాదు.

ప్రశ్న: గూడూరులో ఉంటాను. ఎయిర్ కూలర్‌ను క్యాబినెట్ ముందు పెట్టవచ్చా?

జవాబు: గది మొత్తాన్ని చల్లబరచుకోండి, పెట్టెకు గురిపెట్టకండి. దాని గాలి తేమగాలి, పాత గడ్డి చాపల నుంచి నీటి తుంపరలు కూడా వస్తాయి. వడగాలి పడమటి నుంచి పొడిగా వీచే మధ్యాహ్నాల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, సముద్రపు గాలి మళ్లాక దానివల్ల తేమే మిగులుతుంది. కిటికీ తెరిచి, కూలర్‌ను కిటికీ దగ్గర ఉంచి, కంప్యూటర్‌ను గదికి మరో మూల పెట్టండి.

ప్రశ్న: కొత్తపట్నంలో సముద్రానికి దగ్గర మా ఇల్లు. క్యాబినెట్ మరలు తుప్పు పడుతున్నాయి. ఫ్యాన్లు తగ్గించాలా?

జవాబు: తగ్గించవద్దు. ఉప్పుతేమ ఆగి ఉన్న కంప్యూటర్‌నే ఎక్కువగా తింటుంది. నడుస్తున్న పెట్టె లోపల గది కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి తేమ నిలవదు. రోజూ కాసేపైనా నడపండి, కిటికీకి ఎదురుగా పెట్టకండి. రంగు లేచిన రేకు అంచులకు పెయింటు అద్దండి. మరలను స్టెయిన్‌లెస్ స్టీలువి మార్చుకుంటే సరి.

ప్రశ్న: కందుకూరు నుంచి రాస్తున్నాను. కొత్త ఫ్యాన్ల దీపాల తీగకు 3 రంధ్రాలున్నాయి. బోర్డు మీద 4 సూదుల దీపాల సాకెట్ ఒక్కటే ఉంది. కాస్త సర్ది దూర్చవచ్చా?

జవాబు: చేయి వెనక్కి తీయండి! మీ తీగ 5 వోల్టులది, ఆ సాకెట్ 12 వోల్టులది. దూర్చిన మరుక్షణం దీపాలు కాలిపోతాయి, వారంటీ ఇవ్వరు. 5 వోల్టుల దీపాలకు చిన్న కంట్రోలరు విడిగా దొరుకుతుంది, పవర్ సప్లయి నుంచి హార్డ్ డిస్కులకు కరెంటిచ్చే సాటా తీగ ఒకటి దానికి ఇస్తే చాలు. లేదా ఆ దీపాల తీగను ఊరికే చుట్టి లోపల కట్టేయండి. ఫ్యాను తిరగడానికి దానితో పని లేదు.