చెట్టు పడకముందే రాసుకోవాల్సిన కాగితం

శ్రీకాకుళం,
వినాయక చవితి వెళ్లిన మర్నాడు

చిట్టితల్లికి,

మావయ్య ఆశీస్సులు. కవిటి మండలంలో సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "తుఫానొస్తే ఏం చెయ్యాలో మావయ్యనడగవే అంటే నవ్వి ఊరుకుంది" అని కూడా చెప్పింది. నవ్వితే నవ్వావు గానీ అక్టోబరు దగ్గరకొచ్చేసింది. ముప్పై ఏళ్లు రోడ్డు పని గ్యాంగుల్ని వెంటేసుకుని రోడ్ల మీద తిరిగినవాణ్ణి, అడక్కపోయినా చెప్పకుండా ఉండలేను.

మనవాళ్లకి అక్టోబరంటే భయం ఊరికే పుట్టలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను పక్కనే ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖ మీద పడి విజయనగరాన్నీ వదల్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. గులాబ్ అక్టోబరు దాకా కూడా ఆగలేదు, 2021 సెప్టెంబరు 26నే కళింగపట్నం పక్కన దిగింది.

ముందుగా తిత్లీ నాడు నేను చేసిన తప్పు చెప్తాను. గాలి తగ్గి బయటికొస్తే రోడ్డేదో తోటేదో తెలియలేదు. కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడున్నాయి. పనసలు వేళ్లతో సహా మట్టి పెళ్లగించుకుని అడ్డంగా పడ్డాయి. నా దగ్గర పదకొండు మంది, రెండు మిషన్ రంపాలు, అయిదు లీటర్ల పెట్రోలు. ఎదురుగా సెంటర్లో జనం కేకలేస్తున్నారు. అక్కడే మొదలెట్టేశాం. కంటి ముందున్నది కోసుకుంటూ పోవడమే పని అనుకున్నాను. మధ్యాహ్నానికి సెంటరు శుభ్రంగా తయారైంది, చైన్లు మొద్దుబారాయి, పెట్రోలు అయిపోయింది. కరెంటు లేకపోతే బంకులో పంపు తిరగదు కదా.

అప్పుడొచ్చారు ఇద్దరన్నదమ్ములు, తండ్రిని నులక మంచం మీద మోసుకుంటూ. ఆయనకి ఆ రోజు డయాలసిస్. నాలుగు కిలోమీటర్లు, దుంగలు ఎక్కుతూ దిగుతూ తెచ్చారు. మంచం కోడుకి కట్టిన సంచిలో ఆసుపత్రి ఫైలు, పైన ప్లాస్టిక్ కవరు. ఆయన బతికే బయటపడ్డాడు, నన్ను ఒక్క మాటా అనలేదు. రెండో రోజు వాళ్ల ఊరి దారికి వెళ్లి, పడ్డ చెట్లు లెక్కపెట్టాను. తొమ్మిది. మాకు రెండు గంటల పని.

ఉద్దానంలో, అంటే మీ కొబ్బరి తోటల ఊళ్లలో, ఎంతమందికి కిడ్నీ జబ్బుందో నీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో పెద్ద ఆసుపత్రే తెరిచారు. ఆసుపత్రి ఉంటే సరిపోదు, వారానికి రెండు మూడుసార్లు మనిషి అక్కడికి చేరాలి. తుఫాను వచ్చిందని రక్తంలో మలినం చేరడం ఆగదు.

రిటైరయ్యాక అమెరికాలో, మినిసోటాలో మీ బావ దగ్గర ఒక చలికాలం ఉన్నాను, గుర్తుందా? మోకాలి లోతు మంచు పడితే ఊరు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మంచు పడడానికి ముందు రోజు, పొడి రోడ్డు మీద ట్యాంకరొకటి తెల్లటి గీతలు గీసుకుంటూ పోయింది. ఏమిట్రా అంటే ఉప్పునీళ్లట, నూటికి 23 పాళ్లు ఉప్పు. మంచు రోడ్డుకి అతుక్కోకుండా ముందే చల్లుతారు. చలి మరీ ముదిరి సున్నాకి పది డిగ్రీలు దిగువకి పోతే ఉప్పు అంతగా పనిచెయ్యదు, అప్పుడు టైర్లు జారకుండా ఇసక వేస్తారు. కానీ నన్ను పట్టేసింది ఉప్పూ కాదు, ఇసకా కాదు. పక్కనున్న మినియాపొలిస్‌లో మంచు ఎక్కువ పడితే 'స్నో ఎమర్జెన్సీ' అని చాటిస్తారు. మొదటి రాత్రి పెద్ద రోడ్ల మీద కార్లు తీసెయ్యాలి. మర్నాడు మిగతా వీధుల్లో సరి నంబరు ఇళ్ల వైపు, మూడో రోజు బేసి నంబరు ఇళ్ల వైపు. ఎవరి వీధి ఏ రోజో మంచు పడకముందే అందరికీ తెలుసు. సెంటర్లో నిలబడి కేకలేసేవాళ్లే లేరు.

అక్కడా తిప్పలున్నాయనుకో. మీ బావ పొద్దున్నే గంటసేపు పారతో వాకిట్లో మంచు ఎత్తిపోసి లోపలికొచ్చాడో లేదో, మంచు తోసే బండి వచ్చి రోడ్డు మీదదంతా తెచ్చి మళ్లీ వాకిలికి అడ్డంగా గట్టు కట్టి పోయింది. మన జేసీబీలు గుర్తొచ్చి నవ్వాగలేదు. వాడికి కోపమొచ్చింది.

నువ్వు చెయ్యాల్సిన మొదటి పని అలాంటి వరస కాగితం మీద పెట్టడం. మీ పంచాయతీలో ఏ రోడ్డు ముందు, ఏది తర్వాత అన్నది ఇప్పుడే, గాలి లేని రోజున, రాసుకో. ఆశా కార్యకర్తనీ ఏఎన్ఎమ్మునీ కూర్చోబెట్టి అడుగు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, ఏ రోజుల్లో వెళ్తారు, ఈ నెలా వచ్చే నెలా పురుడు రావాల్సినవాళ్లు ఎవరు, వాళ్లకి నోటి లెక్క. ఆ ఇళ్ల నుంచి తారు రోడ్డు దాకా గీత గియ్యి. అదే మొదటి రోడ్డు. మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి జనరేటరు చేరే దారి రెండోది. పంచాయతీ ఆఫీసు ముందరిది చివర్లో ఉన్నా నష్టం లేదు. కాగితం మీద సర్పంచి గారి చేత సంతకం పెట్టించి సచివాలయం గోడకి అంటించు. ఆ రోజు ఆయన వియ్యంకుడే వచ్చి తన వీధి ముందు అన్నాడనుకో, నువ్వు వాదించక్కర్లేదు, గోడ చూపిస్తే చాలు. సెల్ టవర్లు కూడా పడిపోతాయి కాబట్టి ఒక్కో కాపీ లైన్‌మేన్‌కి, ఉపాధి హామీ మేట్లకి ముందే ఇచ్చెయ్యి. రెండు గ్యాంగులుంటే చెరో కొస నుంచి మొదలెట్టి ఎక్కడ కలవాలో కూడా అందులో రాయి.

తర్వాత ఆ మొదటి రోడ్డు ఒకసారి నడువు. బండి మీద కాదు, నడిచి. రోడ్డు మీదకి వాలిన చెట్లు, కరెంటు తీగల్ని తాకే కొమ్మలు, తుప్పలు మూసేసిన కల్వర్టులు అప్పుడు గానీ కంటపడవు. కొమ్మలు ఇప్పుడు కొట్టిస్తే పూట పని.

కోత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గాలి వెలిశాక మనుషులకి దెబ్బలు తగిలేది ఇక్కడే. కొబ్బరి మాను చూడ్డానికి సన్నంగా ఉంటుంది గానీ రంపం పాలిట శని. పీచు చైన్లో చుట్టుకుంటుంది, మాను మీద ఇసక ఉంటే పళ్లు చూస్తుండగానే అరుగుతాయి. కొయ్యబోయే చోట ముందు కత్తితో చెక్కి, మట్టి తుడిపించు. స్పేర్ చైన్లు, ఆకురాయి దగ్గరుండాలి. దుంగ రెండు కొసలా ఆనుకుని మధ్యలో వేలాడుతుంటే పైనుంచి కొద్దిగానే కోసి, మిగతాది కింద నుంచి కొయ్యాలి. మొత్తం పైనుంచే కోస్తే రంపం ఇరుక్కుపోతుంది, ఇంక దాన్ని తియ్యడానికి ఇంకో రంపం కావాలి. వేళ్లతో లేచిన పనసని కోసినప్పుడు ఇంకా జాగ్రత్త. బరువు తెగగానే వేళ్ల దిమ్మ మళ్లీ గుంటలోకి వాలిపోతుంది, మోడు నిటారుగా లేస్తుంది. ఆ గుంటలోనే పిల్లలు ఆడుతుంటారు. ముందు వాళ్లని తరిమి, ఆ తర్వాతే మిషన్ స్టార్ట్ చెయ్యమను.

మాను ముక్కలు ముక్కలు చెయ్యాలని చూడకు. ముందు అంబులెన్సు పట్టేంత దారి చాలు. రోడ్డుకి ఆ అంచునా ఈ అంచునా రెండు కోతలు వేయించి, మధ్యలో ముక్క దొర్లించు. దొర్లించడానికి మత్స్యకారుల తాళ్లు, వాళ్లు వేసే ముడులు మించినవి లేవు, అడిగితే కాదనరు.

తీగ మీద పడ్డ చెట్టు జోలికి మాత్రం, ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకి కరెంటు ఆపించడం) తీసుకున్నానని లైన్‌మేన్ నీతో ఎదురుగా చెప్పేదాకా వెళ్లనివ్వకు. ఊరంతా కరెంటు లేదు కదమ్మా అంటారు. ఎవరో ఒకరు జనరేటరు తెచ్చి ఇంటి వైరింగుకి కలిపేస్తారు, అది వెనక్కి లైన్లోకి ఎక్కుతుంది.

జేసీబీవాడితో ఒకటే మాట చెప్పు. చెత్త కల్వర్టు మూతి వైపు తొయ్యొద్దని. వాడికి అదే దగ్గర, అదే పల్లం. తిత్లీ తర్వాత ఒకచోట అలాగే తోశాడు. సాయంత్రానికి గెడ్డ (వాగు) పొంగి, దారిలేక, పొద్దున్నే చెట్లు తీసిన రోడ్డునే కోసుకుపోయింది. మీ వైపు మహేంద్రతనయ, బాహుద రెండూ ఒడిశా కొండల మీద నుంచి దిగేవి. ఇక్కడ వాన వెలిసి ఎండ కాసినా నీళ్లు ఆలస్యంగా వస్తాయి.

ఇంకొకటి, పుస్తకాల్లో లేనిది. రోడ్డు మీద పడ్డ కొబ్బరి చెట్టు ఎవరిదో రైతుది. నష్టం రాసేవాళ్లు వచ్చేదాకా ముట్టొద్దని ఆయన చెట్టు మీద కూర్చుంటాడు. పిల్లల్లా పెంచుకున్నవి, ఆయన తప్పేం లేదు. కసరకు. చెట్టు పక్కన ఆయన్ని నిలబెట్టి ఫోన్లో ఫోటో తియ్యి, చెట్టు మొదలు మీద పెయింటుతో నంబరు వెయ్యి, అదే నంబరు నీ నోటుబుక్కులో ఆయన పేరు పక్కన రాసి సంతకం పెట్టించుకో. ఆయనే రంపం పట్టుకునే సందర్భాలు నేను చూశాను.

మిషన్ల గంటలకి ఏ రోజు లాగ్ షీటు ఆ రోజే రాసి, ఇద్దరి చేత సంతకం చేయించు. నేను తర్వాత రాద్దాంలే అనుకున్నాను. ఒక ఆఫీసులో ఆ బిల్లు పధ్నాలుగు నెలలు పడుకుంది, ఆ జేసీబీ ఓనరు ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు దాటి అటు వెళ్లిపోతాడు.

గ్యాంగుకి తిండి మర్చిపోకు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి దొరికితే మధ్యాహ్నం దాకా ఎవరూ అలిసిపోయామనరు.

నా దగ్గరున్న మిషన్ రంపం అటక మీద నుంచి దింపి కొత్త చైను వేయించాను. ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాను. పెట్రోలు డబ్బా మాత్రం ఖాళీదే ఇస్తాను, నువ్వే నింపించుకోవాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే నింపించు, లీటరుకి ఎంత 2టీ ఆయిల్ కలపాలో మూత మీద రాసి పెట్టాను.

మీ మావయ్య