2147483647 ప్రధాన సంఖ్యేనా? చేత్తో ఎలా తేలుస్తారు?

ప్రధాన సంఖ్యే. నాకు దీంతో పరిచయం లెక్కల క్లాసులో కాదు, మొదటి ఉద్యోగంలో అయింది. రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి రాశాను. వారం తర్వాత చూస్తే డేటాబేస్‌లో అందరికీ ఒకటే ఫోన్ నంబర్: 2147483647. ఎవరో ఆకతాయి పని అనుకుని ఆ నంబర్‌కి ఫోన్ కూడా చేశాను, నవ్వకండి.

తప్పు నాదే. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కాలమ్‌ని ఇంట్‌గా, అంటే 32 బిట్ల పూర్ణ సంఖ్యగా పెట్టాను. ఆ 32 బిట్లలో (0 లేదా 1 పట్టే గళ్లలో) ఒకటి ప్లస్, మైనస్‌లకు పోతుంది. మిగిలిన 31 బిట్లూ 1లైతే వచ్చేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ అందులో పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువల్ని తిప్పికొట్టే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే మై ఎస్‌క్యూఎల్ ఎర్రర్ ఇవ్వదు, పట్టేంత పెద్ద సంఖ్య పెట్టేసి ఊరుకుంటుంది. అసలు నంబర్లు పోయినట్టే. ఆ టెన్షన్‌లోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

31 రెండ్లను హెచ్చవేసి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. ఇలాంటి ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు, వాటిలో ఇది ఎనిమిదోది. 31 కూడా మెర్సెన్ ప్రధానమే (32 - 1) కాబట్టి దీన్ని డబుల్ మెర్సెన్ అని కూడా అంటారు. దీన్ని 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కలిపితే మళ్లీ అదే సంఖ్య.

31 ప్రధాన సంఖ్య కదా, ఇక చూడాల్సిందేముంది అనుకోకండి. 11 కూడా ప్రధానమే, కానీ 11 రెండ్ల లబ్ధంలోంచి 1 తీసేస్తే వచ్చే 2047 = 23 × 89.

ఇక చేత్తో తేల్చడం. వర్గమూలం 46340 పైచిలుకు. అక్కడి వరకు ప్రధాన సంఖ్యలు 4792. అన్నిటితో భాగించాలంటే పిచ్చెక్కుతుంది. కానీ దీనికి ప్రధాన భాజకం అంటూ ఉంటే దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి. వాటిలో ప్రధాన సంఖ్యలు 84 మాత్రమే. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఈ దారినే వెళ్లి, 2147483647 ప్రధానమేనని 1772లో మరో గణితవేత్త బెర్నూలీకి రాసిన ఉత్తరంలో చెప్పాడు. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది.

ఒక ఆదివారం నేనూ కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటిది 311, శేషం 35. తర్వాతది ఏకంగా 1303. పదకొండో దాని దగ్గర కాఫీకి లేచాను, మళ్లీ కూర్చోలేదు.