ఇండీ కుక్కతో నోస్‌వర్క్ పోటీలు: హైదరాబాద్ ఫ్లాట్‌లో సాధన ఎలా?

మీరు అడిగింది ఇదీ: మియాపూర్‌లో ఫ్లాట్, మూడేళ్ల ఇండీ (మన వీధికుక్కల జాతి) ఆడకుక్క, ఇంకో కుక్క కనిపిస్తే చాలు మొరుగుడు. అమెరికాలో ఉన్న మీ అక్క నోస్‌వర్క్ అనే, కుక్కలు వాసన పట్టే పోటీల వీడియో పంపింది. ఇలాంటి కుక్కతో ఇక్కడ సాధన చేసి పోటీ దాకా వెళ్లగలమా, లేక బీగిల్ గానీ లాబ్రడార్ గానీ ఉంటేనే కుదురుతుందా అని.

కుదురుతుందండి. జాతి గురించి దిగులు అక్కర్లేదు. మేం అమెరికాలో ఉన్నన్నాళ్లూ మా లాబ్రడార్ బ్రూనోని ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) పెట్టే సెంట్ వర్క్ ట్రయల్స్‌కి, అంటే ఈ వాసన పోటీలకే, తీసుకెళ్లేవాళ్లం. తిరిగొచ్చాక మా వీధిలోనే దొరికిన చిట్టితో మళ్లీ మొదలుపెట్టాం. ఎవరి ముక్కు మేలంటే చెప్పలేను గానీ, పట్టుదల మాత్రం చిట్టిదే. బ్రూనో రెండుసార్లు వెతికి దొరక్కపోతే నా మొహం చూసేవాడు. చిట్టి నా మొహం చూడనే చూడదు. వీధిలో పుట్టి, ఏ చెత్తకుండీలో ఏముందో తనంతట తానే కనిపెట్టుకుని బతికిన కుక్క కదా, ఈ పనికి అంతకంటే మంచి చదువు ఏముంటుంది!

మొరుగుడు సంగతి. మిగతా ఆటల్లో అది అడ్డే, ఇందులో అంతగా కాదు. ఒకసారి ఒక కుక్కే లోపలికి వెళ్తుంది. మిగతావి కార్లోనో క్రేట్‌లోనో వాటి వంతు కోసం ఆగుతాయి. దూరం కావాల్సిన కుక్కకి మెడలో ఎర్ర గుడ్డ కట్టే పద్ధతి కూడా ఉంది, అది చూసి మిగతావాళ్లు పక్కకి తప్పుకుంటారు. 2006లో కాలిఫోర్నియాలో ఈ ఆటని మొదలుపెట్టింది పోలీసు, డిటెక్షన్ కుక్కలకి శిక్షణ ఇచ్చే ముగ్గురు ట్రైనర్లు. ఆ పనిలోని సరదా మామూలు పెంపుడు కుక్కలకీ దక్కాలన్నది వాళ్ల ఆలోచన. భయపడే కుక్కలు, ముసలి కుక్కలు కూడా ఇందులో రాణిస్తాయి. ఏకేసీ అయితే 2017లో తన ట్రయల్స్ మొదలుపెట్టింది.

వీడియోలో కనపడని విషయం ఒకటి ఉంది. ఏకేసీలో నోవిస్ అనే మొదటి స్థాయిలో కంటెయినర్ల విభాగం తీసుకోండి. ఒకేలాంటి పది పెట్టెలు పెడతారు, ఒక్కదాంట్లోనే బర్చ్ అనే చెట్టు నూనె అంటిన దూది పుల్ల ముక్క ఉంటుంది. అలా దాచినదాన్ని హైడ్ అంటారు. అది ఏ పెట్టెలో ఉందో మీకు తెలియదు. కుక్క వెతుకుతుంది, కానీ ‘అలర్ట్’ అని నోరు తెరిచి చెప్పాల్సింది మీరు. జడ్జి అవునంటే సరే, కాదంటే ఆ రౌండ్ పోయినట్టే. అంటే కుక్క సరిగ్గా పట్టినా, దాని భాష మీకు అర్థం కాకపోతే ఇద్దరూ ఇంటికే. ఇది కాక గదుల్లో వెతికేది ఇంటీరియర్, ఆరుబయట వెతికేది ఎక్స్‌టీరియర్, పాతిపెట్టినదాన్ని వెతికేది బరీడ్. మీ వాసన అంటిన గ్లవ్‌ని పట్టుకునే విభాగం వేరే ఉంది. ఒక విభాగంలో మూడుసార్లు క్వాలిఫై అయితే ఆ స్థాయి టైటిల్ వస్తుంది. వెతికే చోట కుక్క ఒంటేలు పోస్తే అవుట్. మీది ఆడకుక్క కాబట్టి కాస్త నయం, మగ ఇండీ ఉన్నవాళ్లని అడగండి ఆ తలనొప్పి ఎలాంటిదో.

పోలీసు జాగిలాలకి మందుపాతర దగ్గర కదలకుండా కూర్చోవడం నేర్పుతారు, గోకితే ప్రమాదం కాబట్టి. మన మొయినాబాద్ శిక్షణ కేంద్రంలో తయారయ్యే జాగిలాలని పత్రికల్లో చూసే ఉంటారు. ఆ క్రమశిక్షణ చూసి భయపడకండి. ఈ ఆటలో కుక్క కూర్చోవాలని, పడుకోవాలని నియమం లేదు. మీకు అర్థమైతే చాలు.

ఇక వాసనలు. బర్చ్, సోంపు కుటుంబానికి చెందిన ఆనిస్, లవంగం, సైప్రస్, ఈ నాలుగింటి నూనెలూ ఏకేసీలో వాడతారు. మన ఊళ్లో అసలు తమాషా ఇక్కడే మొదలవుతుంది. బర్చ్ నూనెలో ఉండేది ప్రధానంగా మిథైల్ సాలిసిలేట్. గంధపుర తైలం పేరుతో మన నొప్పి బామ్‌లలో, స్ప్రేలలో ఉండేదీ అదే. చిట్టికి బర్చ్ బాగా అలవాటైన రోజుల్లో మా మావయ్యగారు ఊరి నుంచి వచ్చారు. నేను హాల్లో ‘వెతుకు’ అనగానే అది హైడ్ ఉన్న షూ ర్యాక్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, టీవీ చూస్తున్న ఆయన దగ్గరికి నడిచి, మోకాలికి ముక్కు ఆనించి, నా వైపు తిరిగి నిలబడింది. ఆయన రాసుకున్నది పొద్దుటి బామ్. కుక్క చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు, చికెన్ ముక్క ఇవ్వక తప్పలేదు. మావయ్యగారు మాత్రం ఆ రోజంతా కాళ్లు సోఫా మీదే పెట్టుకున్నారు.

కాబట్టి సాధన చేసే గదిలో బామ్ సీసాలు, స్ప్రేలు లేకుండా చూసుకోండి. ఖాళీ బామ్ డబ్బాల్లో హైడ్ పెడదామని చాలామందికి అనిపిస్తుంది, సైజు కూడా సరిగ్గా సరిపోతుంది. ఎంత కడిగినా ఆ వాసన పోదు, వద్దు. లవంగంతో మొదలుపెడదామా అంటే, వారానికోసారైనా బిర్యానీ దిగని ఇల్లు మన ఊళ్లో వెతుక్కోవాలి. నా మటుకు నేను బర్చ్‌తోనే మొదలుపెట్టమంటాను, పోటీలో మొదటి మెట్టు కూడా అదే కనక.

మొదటి కొన్ని వారాలు నూనె జోలికే వెళ్లకండి. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు ఇంట్లో గుట్టలుగా ఉంటాయి కదా, వాటిని హాల్లో పరిచి ఒకదాంట్లో ఉడికించిన చికెన్ వేసి వదలండి. దొరికిన చోటే, పెట్టెలోనే ఇంకో ముక్క వేయండి. మీ చేతి దగ్గరికి వచ్చి తినడం అలవాటైతే తర్వాత వాసన వదిలేసి మీ చుట్టూ తిరుగుతుంది. ఆట అర్థమయ్యాక నూనె. ఒక గాజు సీసాలో సగానికి కోసిన దూది పుల్లలు వేసి, రెండు చుక్కలు నూనె వేసి, మూత బిగించి ఒక రోజు ఉంచితే చాలు. ఆ పుల్లని చిల్లులున్న చిన్న రేకు డబ్బాలో పెట్టి, మొదట చికెన్‌తో కలిపి, తర్వాత విడిగా దాచాలి. పుల్లని చేత్తో ముట్టుకోకండి, ట్వీజర్ వాడండి. లేకపోతే మీ వేళ్లు తగిలిన తలుపు గడియ, స్విచ్ బోర్డు అన్నీ హైడ్‌లే అవుతాయి. కుక్క డబ్బాని నాకకుండా, నమలకుండా చూడాలి. ఈ నూనెలు కడుపులోకి వెళ్తే దానికి విషం.

హైదరాబాద్ ఇళ్లలో ఇంకో సమస్య సీలింగ్ ఫ్యాన్. గుమ్మం పక్క షూ ర్యాక్ కింద డబ్బా పెడితే, ఫ్యాన్ ఆ వాసనని తీసుకెళ్లి అవతలి గోడ కర్టెన్ దగ్గర పోగేస్తుంది. కుక్క కర్టెన్ దగ్గర హడావుడి చేస్తే అది తప్పు చేస్తోందని వెనక్కి పిలవకండి, గాలి చెప్పింది వింటోంది. మొదట్లో ఫ్యాన్ ఆపేసి, తర్వాత నెమ్మదిగా, ఆ తర్వాత ఏసీతో కూడా సాధన చేయించండి. బ్రూనో అక్కడ వెతికిన హాళ్లన్నిట్లో గాలి ఒక్క తీరుగా ఉండేది. మన ఫ్లాట్‌లో వెతకడం నేర్చుకున్న కుక్కకి ఆ హాళ్లు సులువే.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది: హైడ్ మీరు పెట్టకండి. ఎక్కడుందో మీకు తెలిస్తే మీ అడుగు అక్కడ నెమ్మదిస్తుంది, లీష్ బిగుస్తుంది, ఊపిరి కూడా మారుతుంది. కుక్క ముక్కుతో వెతకడం మానేసి మిమ్మల్ని చదవడం మొదలుపెడుతుంది. ఇది నా ఊహ కాదు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు 18 డిటెక్షన్ కుక్కల్ని వాటిని నడిపించే హ్యాండ్లర్లతో పాటు ఒక చర్చిలో పరీక్షించారు. అసలు అక్కడ ఏ వాసనా దాచలేదు. కానీ ఎర్ర కాగితం అంటించిన చోట వాసన ఉందని హ్యాండ్లర్లకి చెప్పారు. ఆ కాగితాల దగ్గర కుక్క పట్టిందని చెప్పిన హ్యాండ్లర్లు బోలెడుమంది. ఉద్యోగంగా చేసేవాళ్ల పరిస్థితే అదైతే మనమెంత?

మా ఇంట్లో హైడ్ పెట్టేది మా అత్తయ్య. మొదట్లో పూజ గది ఛాయలకి కూడా కుక్క రాకూడదన్న మనిషి. ఇప్పుడు నన్ను బాల్కనీలోకి పంపేసి, బియ్యం డబ్బా వెనకో, కుట్టు మిషన్ కింద సొరుగులోనో, అగరుబత్తి ఇంకా పొగలు కక్కుతుండగా పూజ గది గుమ్మం పక్కనో పెట్టి ‘కానీయ్’ అంటుంది. అప్పుడప్పుడూ అసలు పెట్టకుండానే కానీయ్ అంటుంది కూడా. ఆవిడ పెట్టే కష్టమైన హైడ్‌లు నేను ట్రయల్స్‌లో కూడా చూడలేదు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఎవరో చూసుకోండి. వెతికేటప్పుడు వాళ్లు కూడా ఆ గదిలో ఉండకూడదు, ఉంటే కుక్క వాళ్ల చూపు కూడా పట్టేస్తుంది.

కుక్కని చదవడం ఎలా? ఫోన్‌లో వీడియో తీసి చూడండి. వాసన తగిలిన క్షణంలో చిట్టి తల ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది, శరీరం ముందుకి పోతున్నా సరే. తర్వాత నోరు మూసుకుంటుంది. రొప్పడం ఆగి ముక్కు చప్పుడు మొదలవుతుంది, చిన్నగా, వరసగా. తోక ఊపు ఆగిపోయి నిటారుగా నిలబడుతుంది. చివరికి డబ్బా దగ్గర ముక్కు రెండు క్షణాలు కదలదు. ఆ కదలకపోవడమే నాకు గుర్తు. మీ కుక్కకి ఇంకేదో ఉంటుంది. ఆ గుర్తు ఖాయం అనిపించకముందే ‘అలర్ట్’ అనడమే పోటీల్లో ఎక్కువ రౌండ్లు పోవడానికి కారణం. టెన్షన్‌లో నోరు ఆగదు మరి.

వేసవిలో ఆశలు పెట్టుకోకండి. రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, ముక్కు పని సగం ఆగిపోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారగట్ల ఇంట్లో కాసేపు చేయించి వదిలేయండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బయట చేయించుకోవచ్చు. వాన వెలిసిన సాయంత్రాలు కూడా బాగుంటాయి, తేమకి వాసన నిలుస్తుంది. బయట అంటే పార్కు కాదు. కొండాపూర్ డాగ్ పార్కు మంచిదే గానీ లీష్ లేకుండా తిరిగే కుక్కల మధ్య మీదాని గోల తప్ప పని జరగదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ చాలు. వాచ్‌మన్‌కి, కార్ల వాళ్లకి ముందే చెప్పి, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉన్నప్పుడు అయస్కాంతం ఉన్న డబ్బాని బంపర్ కింద పెట్టించండి. అప్పుడే వచ్చి ఆగిన కారు వద్దు. వేడి ఇంజిన్ చుట్టూ గాలి పైకి లేచి వాసనని తలకిందులు చేస్తుంది, కుక్క కాలే భాగాలకి ముక్కు ఆనించే ప్రమాదమూ ఉంది.

కొత్త చోటు అలవాటు కావాలి కాబట్టి మేం నలుగురైదుగురం కలిసి శంకర్‌పల్లి వైపు ఒక ఫామ్‌హౌస్‌లో మాక్ ట్రయల్, అంటే ఉత్తుత్తి పోటీ, పెట్టుకుంటాం. ఒకరి హైడ్‌లు ఇంకొకరు పెడతారు, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని జడ్జి అవుతారు, దయా దాక్షిణ్యం ఉండదు. మీరూ ఇద్దరు ముగ్గురిని పోగేసుకోండి. అందరి దగ్గరా యాంటీ రేబిస్ టీకా కాగితం ఉందో లేదో ముందే చూసుకోండి.

నేరుగా పోటీకి వెళ్లడానికి ముందు, వీడియో పంపితే దూరం నుంచే జడ్జి చూసే పరీక్షలు కూడా ఉన్నాయి. ఏకేసీ 2020లో కరోనా సమయంలో అలాంటిది తెచ్చింది. ఫీజు కట్టేముందు, మన దేశం నుంచి, మీ ఇండీకి అర్హత ఉందో లేదో మెయిల్ చేసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ ఆదివారానికి మాత్రం ఆరు అట్టపెట్టెలు, పావుకిలో బోన్‌లెస్ చికెన్ చాలు. నూనె ఆర్డర్ చేశాక దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, మర్నాడు పెరుగన్నం కూడా నొప్పి బామ్ వాసనే వస్తుంది.