పాఠకుల సందేహాలు: వాలెట్‌లో బిట్‌కాయిన్, ఇంట్లో బియ్యం

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉంటాము. అయిదేళ్లుగా జీతంలో మిగిలినదంతా బిట్‌కాయిన్‌లో దాస్తున్నాను. మా పొదుపులో ఇప్పుడు ముప్పావు వంతు అదే. తుపాను వచ్చినా, ఉద్యోగం పోయినా ఈ సొమ్ము మమ్మల్ని ఆదుకుంటుందా? ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలము. వేరే ఏర్పాట్లు అవసరమా? - ఒక పాఠకుడు

జవాబు: మీ ఊరివారికి హుద్‌హుద్‌ను గుర్తు చేయనక్కరలేదు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటిన తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల కోసమూ పెట్రోలు కోసమూ జనం బారులు తీరారు. ఆ వారం మీ దగ్గర పది లక్షల విలువైన బిట్‌కాయిన్ ఉన్నదనుకుందాం. దానితో ఒక పాల ప్యాకెట్టు కొనాలంటే ముందు ఎక్స్ఛేంజ్‌లో, అంటే బిట్‌కాయిన్ కొని అమ్మే ఆన్‌లైన్ సంతలో, అమ్మాలి, అందుకు ఇంటర్నెట్ ఉండాలి, ఓటీపీ రావడానికి టవరు పనిచేయాలి, వచ్చిన రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, ఆపైన అవి నోట్లుగా చేతికి రావాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిగతావన్నీ ఆగినట్లే. అందుచేత బిట్‌కాయిన్‌ను అటక మీద దాచిన సామానుగా భావించండి. అది మీదే, కానీ నిచ్చెన దొరికినప్పుడే చేతికి అందుతుంది.

ఉద్యోగం పోయినప్పుడు కష్టం మరో రకంగా ఉంటుంది. అప్పుడు నెట్ ఉంటుంది, ధర ఉండకపోవచ్చు. 2021 నవంబరులో దాదాపు 69,000 డాలర్లు పలికిన బిట్‌కాయిన్, సరిగ్గా ఏడాదికి 16,000 డాలర్ల దిగువకు పడింది. పై ధరకు కొని, ఇంటి అద్దె కోసం ఆ పడిన నెలలో అమ్ముకున్నవారు పొదుపును కాదు, నష్టాన్ని ఖర్చు పెట్టుకున్నారు. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేల లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు. కనుక కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చును బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుకోండి. వడ్డీ తక్కువేనని మీరు అంటారు, నిజమే; కానీ ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి అయిదు లక్షల వరకు బీమా ఉంటుంది, బిట్‌కాయిన్ తాళం దాచే యాప్ లేదా పరికరమైన వాలెట్‌కు అది లేదు. వారం రోజుల ఖర్చుకు సరిపడా నగదు బీరువాలో ఉంచండి. అందులో పది, యాభై, వంద నోట్లే ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే ఆపద రోజుల్లో అయిదు వందల నోటుకు చిల్లర ఇచ్చేవారు ఉండరు.

వంటింటి సంగతి మన పెద్దలకు చెప్పనవసరం లేకపోయేది, ఏడాదికి సరిపడా పప్పులు, చింతపండు, ఊరగాయ ఎండాకాలంలోనే సర్దుకునేవారు. పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాక ఆ అలవాటు సడలింది. నలుగురికి రెండు వారాలకు ఒక 25 కిలోల బియ్యం బస్తా చాలు. దానికి తోడు నాలుగు కిలోల కందిపప్పు, నూనె, బెల్లం ఉంచుకోండి. అటుకులు తప్పక ఉంచుకోండి, పొయ్యి వెలిగించలేని రోజున నీళ్లలో నానబెడితే అవే అన్నం. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు 48 లీటర్ల నీరు కావాలి, అంటే 20 లీటర్ల టిన్నులు మూడు. తుపాను హెచ్చరిక రాగానే మేడ మీది ట్యాంకు నింపుకోండి, కరెంటు పోయాక మోటారు తిరగదు. రెండో గ్యాస్ సిలిండర్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. పెద్దల బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా ముందే తెచ్చుకోండి. ఇన్వర్టరు గురించి ఒక్క మాట: దానితో మీ రౌటరు వెలుగుతుంది, కానీ వీధిలో కేబుల్ తెగితే ఆ వెలుగు వల్ల ప్రయోజనం లేదు.

ఇక వాలెట్ తాళం. మీ నాణేలు ఎక్స్ఛేంజ్‌లోనే ఉంటే తాళం మీ దగ్గర లేనట్టే. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టోను దొంగిలించిన తరువాత, ఖాతాదారులు తమ నాణేలను ఏడాదికి పైగా బయటికి తీసుకోలేకపోయారు. సొంత వాలెట్‌లో ఉంటే, దాన్ని పెట్టినప్పుడు అది చూపే 12 లేదా 24 ఇంగ్లీషు పదాలే ఆస్తి, వాటినే రికవరీ పదాలు అంటారు. ఫోను పోయినా, వాలెట్ పరికరం నీళ్లలో నానినా ఆ పదాలు, వాటి వరుస ఉంటే చాలు, అంతా తిరిగి వస్తుంది. అవి పోతే తెచ్చిపెట్టే ఆఫీసు ఏదీ లేదు. వాటిని ఫొటో తీయకండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. కాగితం మీద రాసేటట్లయితే జెల్ పెన్నుతో కాక పెన్సిలుతో రాయండి, తడికి సిరా చెదిరినట్లు పెన్సిలు గీత చెదరదు.

కాగితం కన్నా స్టీలు మేలు. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కించుకోవడం కొత్త కాదు కదా! అలాగే ఒక స్టీలు రేకు మీద ఈ పదాలు చెక్కుకోవచ్చు, నిప్పుకూ నీటికీ తట్టుకుంటాయి. అయితే గిన్నెల కొట్టుకు తీసుకెళ్లి చెక్కించకండి, చెక్కినవాడు చదివినట్లే. చెక్కే చిన్న మిషను కొని మీరే చెక్కండి. వాలెట్లు ఈ పదాలను ఎంచుకోవడానికి సాధారణంగా వాడే 2,048 ఇంగ్లీషు పదాల పట్టికలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు, కాబట్టి ఒక్కో పదానికి నాలుగు అక్షరాలు చెక్కితే చాలు. పదాలను సగం సగంగా చీల్చి రెండు చోట్ల దాచే తెలివి నాకు నచ్చదు, ఒక సగం పోతే మొత్తం పోయినట్లే. పూర్తి ప్రతులు రెండు ఉంచండి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లోని బ్యాంకు లాకరులో. ఇంట్లోది బీరువా అడుగు అరలో పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నేల అంతస్తు ఇళ్లలోకి నీరు చేరి, దస్తావేజులు నానిపోయినవారు ఉన్నారు. అన్నిటికన్నా ముందు, చిన్న మొత్తంతో ఒక కొత్త వాలెట్ పెట్టి, దాన్ని తుడిచేసి, పదాలతో తిరిగి తెరిచి చూడండి. ఆ పరీక్ష నెగ్గాకే పెద్ద మొత్తాన్ని అందులో ఉంచండి.

ప్రశ్న: మావారు క్రిప్టోలో పొదుపు చేస్తారు, కానీ వివరాలు ఏవీ చెప్పరు. 'నీకు అర్థం కాదులే' అంటారు. ఆయనకేమైనా అయితే నేనేం చేయాలి? - ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న ఆయన అడగవలసినది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, సొంత వాలెట్‌కు ఉండరు. వారసత్వ ధృవపత్రం తెచ్చినా దాన్ని తెరవగలవారు లేరు. మీరు క్రిప్టో అంతా నేర్చుకోనక్కరలేదు. ఏ ఎక్స్ఛేంజ్‌లో ఖాతా ఉంది, సొంత వాలెట్ ఏది, రికవరీ పదాలు ఎక్కడ ఉన్నాయి, ఆపదలో నమ్మకంగా సహాయం అడగదగిన బంధువు ఎవరు అనే నాలుగు సంగతులు ఆయన చేతిరాతతో ఒక కవరులో పెట్టి మూయించండి. పదాలు మాత్రం ఆ కవరులో ఉండకూడదు, అవి ఎక్కడ ఉన్నాయన్నదే ఉండాలి. ఆయన తరఫున అంటూ ఎవరైనా ఫోను చేసి ఆ పదాలు అడిగితే, పోలీసునని చెప్పినా సరే, చెప్పకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఆ నంబరును ఈ రోజే ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.