ట్యాబ్‌లతో నేర్చుకున్న జాజ్ బేస్ బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: విశాఖపట్నంలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ట్యాబ్‌లు (తీగల గీతల మీద అంకెలతో రాసే టాబ్లేచర్) చూసి బేస్ గిటార్ మీద జాజ్ లైన్లు (స్వరాల వరసలు) నేర్చుకుంటున్నాను. దీన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా? స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) తప్పనిసరా?
- ఓ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: ట్యాబ్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నాలుగు తీగలకు నాలుగు గీతలు, వాటి మీద ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) అంకెలు. మొదటి రోజు నుంచే వేళ్లకు పని దొరుకుతుంది. అయితే వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే ట్యాబ్, ఆ స్వరం అక్కడికి ఎందుకొచ్చిందో చెప్పదు. చాలా ట్యాబ్‌లలో ఏ స్వరం ఎంతసేపు పలకాలో కూడా ఉండదు. జాజ్ బృందంలో మీ చేతికిచ్చేది మాత్రం కార్డ్‌ల (chords, అంటే కలిసి పలికే స్వరాల గుంపుల) పేర్లు రాసిన కాగితం. లైన్ మీరే అప్పటికప్పుడు అల్లాలి.

ఉదాహరణకు డీ మైనర్ సెవెన్ అనే కార్డ్ నుంచి జీ సెవెన్ కార్డ్‌కు వెళ్లే బార్ (నాలుగు దెబ్బల తాళ భాగం) చూడండి. 'ఏ' (A) తీగ మీద 5వ ఫ్రెట్, 'డీ' (D) తీగ మీద 3, 7, 6. తర్వాతి బార్ మొదట్లో డీ తీగ మీదే 5. వాటి కింద స్వరాల పేర్లు రాయండి: డీ, ఎఫ్, ఏ, ఏ ఫ్లాట్, ఆపైన జీ. మొదటి మూడూ కార్డ్‌లోవే. ఏ ఫ్లాట్ మాత్రం బయటిది. ఒక్క ఫ్రెట్ పైనుంచి జీ మీదికి దిగడానికే వచ్చింది. ఇది అర్థమైతే అదే పద్ధతిలో ఏ కార్డ్‌కైనా సొంత లైన్ కట్టగలరు. ఇక నుంచి ప్రతి ట్యాబ్‌నూ ఇలాగే విప్పి చూడండి, నాలుగో స్వరాన్ని మార్చి వాయించండి, తర్వాత కాగితం పక్కన పెట్టేయండి. 12 బార్ల బ్లూస్‌ను (12 బార్లకోసారి మళ్లీ మొదలయ్యే పాట రూపాన్ని) ఎఫ్, బీ ఫ్లాట్ శ్రుతుల్లో సాధన చేయండి. మెట్రోనోమ్ (తాళం చూపే యంత్రం) ప్రతి బార్‌లో 2, 4 దెబ్బల మీద మోగాలి. జాజ్ బేసిస్టులు పాల్ చాంబర్స్, రే బ్రౌన్ లైన్లను ముందు చెవితో పట్టుకోండి. సరిచూసుకోవడానికే ట్యాబ్ తెరవండి.

ఇక వృత్తి సంగతి. డిగ్రీ మానొద్దు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఒక్క జాజ్‌నే నమ్ముకుని విశాఖలో ఇల్లు గడవడం కష్టం. చర్చి బృందాలు, పెళ్లి వేడుకలు, హోటళ్లు, హైదరాబాద్, చెన్నై స్టూడియోలు, ఇలా అన్ని రకాలూ వాయించగలిగితే బేసిస్ట్‌కు పని ఉంటుంది. స్టూడియోలకైనా సంగీత కళాశాలలకైనా సిద్ధపడాలంటే బేస్ క్లెఫ్ (స్టాఫ్ నొటేషన్‌లో కింది స్థాయి స్వరాలు రాసే పద్ధతి) చదవడం రావాలి. మొదటి రోజే కాకపోయినా డిగ్రీ పూర్తయ్యేలోపు నేర్చుకోండి. ట్రినిటీ కాలేజ్ లండన్ రాక్ అండ్ పాప్ పరీక్షల్లో బేస్ ఉంది, 8వ గ్రేడ్ దాకా రాయొచ్చు. చెన్నైలో ఎ.ఆర్.రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ వంటి చోట్ల చేరాలనుకుంటే, బేస్ ప్రధాన వాద్యంగా నేర్పుతారో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

నగరంలో జాజ్ బేస్ గురువు దొరక్కపోతే మంచి కీబోర్డ్ మాస్టారి దగ్గర హార్మనీ (కార్డ్‌లు కట్టే, కలిపే పద్ధతి) నేర్చుకోండి. ఒక డ్రమ్మర్‌ను వెతుక్కుని వారానికోసారైనా కలిసి వాయించండి. ముందు చూడని కార్డ్ షీట్‌ను ఆగకుండా చివరిదాకా నడిపించగలిగిన రోజున మళ్లీ రాయండి, అప్పుడు కోర్సుల గురించి వివరంగా మాట్లాడుకుందాం.